ఫోటో కోసం ఆగిన ఆట

ఆడపిల్లల జట్టు బయటూరికి ఆటలకు పోతే వెంట ఒక ఆడమనిషి ఉండాలి. మా ఊరి బడిలో డ్రిల్లు సారు మగాయన. టీచరమ్మలు ఇద్దరే. ఒకామెకు చంటిబిడ్డ, ఇంకొకామెకు బస్సెక్కితే వాంతులు. అందుకని బడిలో మధ్యాన్నం అన్నం వండే నన్ను పంపేవాళ్ళు. సంచులు చూసుకోవటం, మోకాళ్ళు దోక్కుపోతే మందు రాయటం, ఎవరన్నా భయపడి ఏడిస్తే ఊరుకోబెట్టటం, ఇదీ నా పని. అట్టా చూసీ చూసీ కబడ్డీ నాక్కూడా పట్టుబడింది.

ఆ ఏడు జట్టుకు కెప్టెన్ మా పెద్దపిల్లే. పదో తరగతి చదువుతోంది.

మాది మాచవరం వైపు పల్లె. బోరు మోటార్లు కాలిపోతే పాత తీగ పీకి కొత్త తీగ చుట్టటం మా ఆయన పని. ఇంటి ముందు గదే షాపు. మా పిల్ల పాకింది, నడిచింది ఆ రాగితీగ చుట్టల మధ్యే. తీగ తొక్కకుండా ఎట్టా నడవాలో దానికి మాటలు రాకముందే వచ్చింది. ఆటలో గీత దాటి పోయినప్పుడు కూడా అట్టాగే ఉండేవి దాని కాళ్ళు, నేల మీద ఆనీ ఆననట్టు.

మా అత్తకు ఈ ఆట గిట్టేది కాదు.

"ఏమే, సాయిబుల పిల్ల నిక్కరేసుకుని గంతులేస్తంటే చూసి మురిసిపోతన్నావా?"

"నిక్కరు కింద కాళ్ళ నిండా లెగ్గిన్ ఉందిగా అత్తా."

"ఆ, ఉంది. నీ నోటికి కూడా ఒకటి తొడుక్కో."

అనటానికి అనేదే గానీ, ఆటకు పోయే రోజు తెల్లారే గుడ్లు ఉడకబెట్టి కొంగున కట్టి తెచ్చేది ఆమే.

పోటీలకు ముందు డ్రిల్లు సారు మా ఇంటికొచ్చాడు. షాపులో స్టూలు మీద కూర్చుని మా ఆయనకు విడమరిచి చెప్పాడు. "ఈసారి ఫైనల్ గెలిచిన జట్టు జట్టంతా జిల్లాకు పోద్ది. జిల్లా ఆడిన సర్టిఫికెట్టుంటే ఆటల హాస్టల్లో ఇంటర్ సీటొచ్చిద్ది. తిండీ చదువూ ఆటా అన్నీ అక్కడే. నీ కూతురు ఆడే ఆటకు అదే సరైన చోటు బాబాయ్. ఓడిపోతే మాత్రం ఇంకేం లేదు. పదో తరగతి కదా, బడి ఆటలకు ఇదే ఆఖరు."

మా ఆయన చేతుల గ్రీజు గుడ్డకు ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆఖరికి, "జిల్లాకు పోతే పంపిస్తా సారూ. మా అమ్మతో నేను చెప్పుకుంటా. పోకపోతే మాత్రం ఈ ఆట మాట ఇంకెత్తొద్దు" అన్నాడు.

పిల్ల తలుపు చాటున నిలబడి అంతా వింది. లోపలికి పరిగెత్తి మా అత్తను నడుం పట్టుకుని ఎత్తి గిర్రున తిప్పింది. "ఒసే, దించవే, ముసలి ఎముకలే, దించు!" అని ఆమె అరుపులు.

పోటీలు మాచర్ల రోడ్డు మీద ఒక ఊళ్ళో పెట్టారు. ఊరి పేరు రాయను. ఆ బడివాళ్ళు చెడ్డోళ్ళేం కాదు, మా పిల్లలకు కడుపు నిండా అన్నం పెట్టారు. ముందు ఆటలన్నీ మావాళ్ళు గెలిచారు. ఫైనల్లో ఎదురొచ్చింది దుర్గి వైపు పిల్లలు. అందులో మూల కాసే పిల్ల ఒకతి ఉంది. రాయి చెక్కి నిలబెట్టినట్టుంటది. దాని చేతికి కాలు చిక్కితే ఇంక వదలదు. మా పిల్లను కూడా రెండుసార్లు పడేసింది.

ఆటకు పదిహేనేసి నిమిషాల సగాలు రెండు. మధ్యలో ఎవరికన్నా దెబ్బ తగిలి ఆట ఆగితే గడియారం కూడా ఆపాలి, మళ్ళీ ఆట మొదలెట్టినప్పుడే నడపాలి. టైము చూసే పని ఆ బడిలోనే కొత్తగా చేరిన ఒక కుర్ర సారుకు ఇచ్చారు. పోటీలకని తెప్పించిన గడియారం ఏదో పనిచెయ్యలేదంట, ఆయన తన ఫోన్లోనే టైము పెట్టుకుని టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

రెండో సగం నడుస్తోంది. దుర్గి వైపు పిల్లలు ఒక్క పాయింటు ముందున్నారు. ఎండ బాగా ఉంది. మైకులో, "ఇంక నాలుగు నిమిషాలే, నాలుగు నిమిషాలే" అని అరుస్తున్నారు. అప్పుడొచ్చింది ముఖ్య అతిథి కారు. పొద్దున ప్రారంభానికి రావాల్సిన పెద్దమనిషి, ఏదో పెళ్ళికి పోయి అప్పుడు దిగాడు.

మన దగ్గర సంగతి తెలిసిందే కదా. పెద్దమనిషి వచ్చాడంటే ఏదైనా ఆగాల్సిందే. మైకులో, "ఆట ఆపండి, ఆట ఆపండి, పిల్లలు లైన్లో నిలబడండి" అన్నారు. రిఫరీ ఈల ఊదాడు. పిల్లలు రొప్పుతా రెండు వరసలు కట్టారు. ఆయన అందరికీ చెయ్యిచ్చాడు, అందర్నీ ఏ ఊరని అడిగాడు. శాలువా కప్పారు. అంతటితో పోయినా బాగుండేది. వెనకున్నోళ్ళెవరో, "అన్నా, ఒక్కసారి కూతకు పోండన్నా, ఫోటో బాగుంటది" అన్నారు. ఆయన నవ్వుతా పంచె ఎగ్గట్టాడు.

"ఇదిగో అమ్మాయ్, కెప్టెన్, నువ్వు ముందుకు రా" అని మా పిల్లను పిలిచారు. "సార్ నిన్ను తాకుతారు. తాకంగానే నవ్వుతా పక్కకు జరుగు. పట్టుకోబాక."

పట్టుకోబాకంట! ఆడోళ్ళమంతా నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన కబడ్డీ, కబడ్డీ అంటా రెండడుగులు వేసి మా పిల్ల భుజం తాకాడు. అది నవ్వి పక్కకు జరిగింది.

"ఒక్క నిమిషం సార్, ఎండ ఎదురొచ్చింది, ఇంకోసారి" అని అటుపక్క నుంచి ఎవరో కేకేశారు. చూస్తే టైము చూసే కుర్ర సారు. ఆయన ఫోన్లో ఫోటోలు బాగా పడతాయని హెడ్మాస్టరు ఆయన్నే తియ్యమన్నాడంట. ఫోను చేత పట్టుకుని వంగీ కూర్చునీ తీస్తన్నాడు పాపం. ఆ పెద్దమనిషి మళ్ళీ పంచె సర్దుకున్నాడు. మా పిల్ల మళ్ళీ అవుటయ్యింది. మళ్ళీ నవ్వింది.

ఆయన పోయి కుర్చీలో కూర్చున్నాక ఆట మొదలెట్టారు. దుర్గి వైపు పిల్ల కూతకొచ్చి ఎవర్నీ తాకకుండా పోయింది. ఇంక మా వంతు. మా పిల్ల గీత దగ్గరకొచ్చి, వంగి మట్టి తాకి, పెదాలతో బిస్మిల్లా అనుకుంది. దాని కళ్ళు ఆ మూల పిల్ల మీదే ఉన్నాయి. కాలు ఎత్తబోయింది.

పొడుగ్గా ఈల పడింది. "టైమ్!"

ఏమైందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. దుర్గి వైపు పిల్లలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్ళ బడివాళ్ళు అరిస్తే అప్పుడు ఎగరటం మొదలెట్టారు.

మా డ్రిల్లు సారు టేబుల్ దగ్గరకు ఒక్క ఉరుకు ఉరికాడు. "టైమ్ అవటమేంది? ఇప్పుడేగా మొదలెట్టింది!"

"పదిహేను నిమిషాలు అయింది సార్, చూడండి" అని కుర్ర సారు ఫోను చూపించాడు.

"మధ్యలో ఆపావా?"

ఆయన ఫోను వంక చూసుకున్నాడు.

"ఫోటోలప్పుడు టైము ఆపావా లేదా అంటన్నా!"

కుర్ర సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఫోటో తియ్యమని తొందర చేశారు సార్... ఆ తొందర్లో..." అని ఆగిపోయాడు. అంతా అక్కడే తెలిసిపోయింది. దాచిందేం లేదు.

రిఫరీ మాత్రం, "టేబుల్ మీద చెప్పిందే టైము. ఈల పడ్డాక నేను వెనక్కి తియ్యలేను" అన్నాడు. అవతలి డ్రిల్లు సారు, "ఓడినాక గడియారం మీద పడతారేందయ్యా? గెలిచుంటే అడిగేవాడివా?" అన్నాడు. మా సారు ఆయన మీదికి పోబోతే నలుగురు పట్టుకున్నారు. నాక్కూడా ఆగలేదు. "అయ్యా, పొయ్యి ఆర్పేసి, ఇంతసేపయింది గదా అన్నం ఉడికే ఉంటదంటే ఉడికినట్టా?" అన్నాను. "అమ్మా, నువ్వు పిల్లల్ని చూసుకో పో" అన్నారు.

గొడవ విని ముఖ్య అతిథి లేచొచ్చాడు. "ఏందయ్యా?"

"ఏం లేదన్నా, చిన్న పిల్లల గొడవ. మీకు లేటవుద్ది, కప్పు ఇచ్చేద్దాం" అని హెడ్మాస్టరు.

ఉన్నమాట చెప్పాలి, ఆ పెద్దమనిషి ఊరికే పోలేదు. మా పిల్లను దగ్గరకు పిలిచాడు. "కెప్టెన్‌వి నువ్వే గదా. ఏంది సంగతి? భయపడకుండా చెప్పమ్మా. ఆడాల్సింది ఉంటే ఆడించే పోతా."

గ్రౌండంతా దాని నోటి వంక చూస్తోంది. నేను చెప్పవే, చెప్పు అని లోపల అరుస్తన్నా. అది ముందు మా సారును చూసింది. తర్వాత కుర్ర సారును చూసింది. ఆయన ఫోను రెండు చేతుల్లో పట్టుకుని హెడ్మాస్టరు వంకే చూస్తన్నాడు.

"ఏం లేదు సార్" అనింది. "వాళ్ళు బాగా ఆడారు."

"అదీ, ఆట అంటే అట్టా ఉండాలి!" అని ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గెలిచినోళ్ళకు కొట్టినదానికంటే ఎక్కువే కొట్టారు. మైకులో దాన్ని మెచ్చుకున్నారు. అది తల దించుకుని వచ్చి నా పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంది.

తిరుగు బస్సులో అడిగాను. "ఆయన ఆడిస్తానన్నాడు గదే. ఎందుకు చెప్పలేదు?"

"అంతమంది ముందర ఎట్టా చెప్పనమ్మా? ఆ సారు ఉజ్జోగం పోతే?"

"పోదే, దానికే పోద్దా?"

"నాకేం తెలుసు" అని కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొస్తే మా ఆయన ఎంత తేడా అనడిగాడు. ఒక్క పాయింటని చెప్పాను. జరిగింది విని మా అత్త లేచి కూర్చుని, "ఆ పెద్దమనిషికి అంత ఆడాలని ఉంటే వాళ్ళ పెళ్ళాంతో ఆడుకోవాల! నా బిడ్డ ఆటే దొరికిందా?" అని శాపనార్థాలు పెట్టింది. ఆ ఆటంటే గిట్టనామె, ఆ పూట అన్నం ముట్టలేదు. మా ఆయన డ్రిల్లు సారుకు ఫోను చేసి, జిల్లాకు పోకపోయినా ఆ హాస్టల్లో అడిగి చూడమన్నాడు. తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. సారు అడిగాడు కూడా. సర్టిఫికెట్టు లేందే కాదన్నారంట.

కొన్ని రోజులకు ఒక ఆదివారం ఆ కుర్ర సారు బండేసుకుని మా ఇల్లు వెతుక్కుంటా వచ్చాడు. షాపు గుమ్మంలో నిలబడి, "అమ్మాయిని ఒకసారి చూడాలండీ" అన్నాడు. మా ఆయన ఏమంటాడో అని నాకు భయమేసింది. ఆయన స్టూలు ముందుకు జరిపాడు. పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"తప్పంతా నాదేనని మీ హెడ్మాస్టరు గారికి రాసిస్తానమ్మా. ఎక్కడ అడిగినా వచ్చి చెప్తా" అన్నాడు ఆయన.

"జిల్లా ఆటలు అయిపోయినయ్ సార్" అనింది పిల్ల.

ఆయనకు ఆ సంగతి తెలియదు. గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ మా పిల్లే అడిగింది.

"సార్, నేను కూతకు పోయుంటే పాయింటు వచ్చేదంటారా?"

"వచ్చేదమ్మా. తప్పకుండా వచ్చేది."

"ఏమో సార్. ఆ మూల పిల్ల చానా గట్టిది. రెండుసార్లు పట్టింది నన్ను. మూడోసారి ఎడమపక్క నుంచి పోదామనుకున్నా." తన కాళ్ళ వంక చూసుకుంది. "దాన్ని తాకి ఇవతలికొచ్చేదాన్నో, పట్టేసేదో. పట్టేసినా బాగుండేది సార్. ఓడిపోయా అనుకునేదాన్ని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా అత్త లోపలి నుంచి, "టీ పెట్టాను, తాగి పో నాయనా" అనింది.

ఇప్పుడు అది పిడుగురాళ్ళలో ఇంటర్ చదువుతోంది, రోజూ బస్సులో పోయొస్తది. కాలేజీలో గ్రౌండు లేదు. జట్టుకు రమ్మని పాత స్నేహితురాళ్ళు పండగప్పుడు పిలిచినా పోలేదు. మా ఆయన ఒకసారి, "పోరాదా, నేనేం అననుగా" అన్నాడు.

"ఇప్పుడెందుకులే నాన్నా" అనింది, తీగ చుట్ట అందిస్తా.