అతుకు పైకి మట్టి

మా వదినని మొక్కల నర్సరీలో అందరూ బ్లేడమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. మా ఆయనకి ఒక్కగానొక్క అక్క. రేకుల షెడ్డులో ఎత్తు బల్ల ముందు కూర్చుని, అడవి వంగ మొలక తల కోసి, ఆ మొండెం మీద టమాటా మొలక తల నిలబెట్టి, చిన్న క్లిప్పు బిగించి అంటు కట్టడం ఆవిడ పని. మొక్క మొక్కకీ బ్లేడు స్పిరిట్‌తో తుడుస్తుంది. పెళ్లయిన కొత్తలో చూసి, "ఏంటి వదినా, ఆపరేషనా?" అని నవ్వాను.

"నవ్వు, నవ్వు. తర్వాత ఏడుస్తావు," అంది. ఆవిడ నోరు అంత మంచిది.

ఆ ఏడుపు నిరుడు రానే వచ్చింది. మేం కౌలుకు చేసే తోటలో టమాటా కాయ మీదుండగా ఎండిపోయింది. నేల తడిగానే ఉంది, మొక్కలేమో దాహంతో ఉన్నట్టు వాలిపోయాయి. నాకేం పాలుపోక ఇంకా నీళ్లు పెట్టాను. వదిన వచ్చి ఒక కాండాన్ని నిలువునా చీల్చింది. లోపల గోధుమరంగు చార.

"మట్టిలో బూజు పడింది. వేళ్లలోంచి దూరి, నీళ్లు పైకెళ్లే గొట్టాల్లో కాపురం పెడుతుంది. మొక్కేం ఊరుకోదు. దాన్ని ఆపడానికి తన గొట్టాలు తనే జిగురుతో మూసుకుంటుంది. టమాటా ఆలస్యంగా మేలుకుంటుంది. అప్పటికి అది ఒళ్లంతా పాకేస్తుంది, మూసుకున్న గొట్టాల్లోంచి నీళ్లూ అందవు."

"మరి అడవి వంగ?"

"అది మొండిఘటం. వేరు దగ్గరే పసిగట్టి, అక్కడికక్కడే తలుపేస్తుంది."

మందు కొడితే పోదా అన్నాను. పోదట, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుందట. తోట యజమాని "ఇంకోసారి ఇలా ఎండితే ఖాళీ చేసెయ్యండి" అని ముఖం మీదే చెప్పి పోయాడు. ఆ తోట తప్ప మాకు వేరే ఆధారం లేదు.

అందుకే ఈ ఏడు ప్రతి మొక్కకీ వదినే అంటు కట్టి ఇచ్చింది. నాటే రోజున ఒక్కటే మాట పదే పదే చెప్పింది: "అంటు కట్టిన అతుకు మట్టికి పైన ఉండాలి." మా ఆయన ఊఁ కొట్టాడు. ఆయన చెవులు అలంకారానికి.

తర్వాత నేను టైఫాయిడ్‌తో మంచం పట్టాను. ఆ రోజుల్లోనే పెద్ద గాలి వచ్చింది. మొక్కలు పడిపోతాయని ఈయన నడుం పడిపోయేలా ప్రతి మొదలుకీ మట్టి ఎగదోశాడు. నర్సరీలో పని తగ్గాక వదిన వచ్చింది, నేనూ మెల్లగా వెంట వెళ్లాను.

"చూడక్కా, ఒక్కటీ పడలేదు!" అన్నాడు మురిసిపోతూ.

వదిన మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోడింది. అతుకుకి పైన, టమాటా కాండంలోంచి తెల్లటి వేళ్లు పుట్టి మట్టిలోకి దిగాయి.

"ఒరేయ్, కింద కాపలా పెట్టి, పక్కన దొడ్డిదారి తెరిచావు కదరా," అంది. "ఈ టమాటా వేళ్లలోంచి బూజు నేరుగా దూరుతుంది."

ముగ్గురం మట్టంతా లాగేసి, మొక్క మొక్కకీ బ్లేడు తుడుస్తూ ఆ వేళ్లు కోశాం. ఆ తర్వాత వదిన తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. నాకు అదే ఇంకా భయమేసింది. "తిట్టు వదినా, నాలుగు తిట్టు," అని బతిమాలాను. తిట్టలేదు.

"ఆకు నిలువునా సగం పసుపు, సగం పచ్చగా ఉంటే అదే తెగులు. మొత్తం పండితే ముసలి ఆకు, భయం లేదు," అని మాత్రం చెప్పింది.

గేటు పక్క సాలులో సగం పండిన ఆకు కనబడింది. ఆ మొక్క కాండం చీలిస్తే అతుకుకి పైన చార, కింద తెల్లగా, శుభ్రంగా ఉంది. వదిన ఆ మొదలు తమ్ముడి చేతిలో పెట్టింది. ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. సాలు మొత్తం పీకి కాల్చేశాం. ఆ తర్వాత తోటలోకి వెళ్లిన ప్రతిసారీ ముందు పసుపు ఆకుల కోసమే వెతికేదాన్ని.

కాయ రంగు తిరిగింది. యజమాని చూడటానికి వస్తానన్న పొద్దున నడి సాలులో, అడుగున, మళ్లీ పసుపు ఆకు. ఇంకొకరి చూపుని ఏనాడూ నమ్మని వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నువ్వు చూడవే. నా వల్ల కాదు."

వంగాను. ఆకు ఒక పక్క పసుపు. రెండో పక్క బురద. కొంగుతో తుడిచాను.

"పసుపే వదినా! రెండువైపులా!"

"సరిగ్గా చూశావా?"

"నీ మీదొట్టు."

వదిన కాలవలోనే కూలబడి భోరున ఏడ్చింది. అంతలో మా ఆయన యజమానిని వెంటపెట్టుకుని గేటు దాటబోయాడు. వదిన చివాల్న లేచింది.

"ఒరేయ్ మొద్దూ! బయటి మట్టి అంటిన చెప్పులు కడగకుండా ఆయన్ని లోపలికి తెస్తావా? బుర్ర ఎక్కడ పెట్టావురా?"

అన్నాళ్ల తర్వాత అదే మొదటి తిట్టు. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. యజమాని బిత్తరపోయి తన చెప్పులు తనే కడుక్కున్నాడు. తోటంతా తిరిగి ఒక పండు కోసుకుని, "బాగుంది. వచ్చే ఏడూ మీరే చేసుకోండి," అన్నాడు.

వచ్చే ఏడు అనగానే నాకు మట్టిలో నిద్రపోతున్న ఆ బూజే గుర్తొచ్చింది. వదిన నా వంక చూసింది. ఇద్దరం తలొంచి కాళ్ల కింది మట్టిని చూశాం.