వాన రోజు లెక్కపెట్టిన మగ్గాలు

ఒక్క మధ్యాహ్నంలో ఇరవై మూడు మగ్గాలను మాయం చేసిన ఘనత నాది. ఏ గారడీవాడికీ చేతకాని పని. నాకు అరగంట పట్టింది, అందులోనూ సగం ఆటోవాడితో బేరానికే పోయింది. ఈ పూట బందరులో మా ఆఫీసు రేకుల మీద వాన పడుతోంది. కళ్లు మూసుకుని వింటే అచ్చం మగ్గాల వీధిలో నిలబడ్డట్టే ఉంటుంది, టకటకమని ఒక చప్పుడు మీద ఇంకొకటి ఎక్కి తొక్కుతూ. అలా అనిపించినప్పుడల్లా సిగ్గుతో నవ్వొస్తుంది. ఎందుకంటే నిజంగా వాన పడితే ఆ మగ్గాలు మోగవు. ఆ సంగతి నాకు తెలియని రోజుల్లో నన్ను నమ్మి రిపోర్టరుగా పెట్టుకున్నావిడ రాజేశ్వరి గారు.

మేడం రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "ముప్ఫై ఏళ్లు ఎవరెవరి అబద్ధాల మీదో ముద్రలు కొట్టానమ్మా, ఇక చేతులు నొప్పెడుతున్నాయి" అని, చేతికొచ్చిన డబ్బుతో నాలుగు పేజీల వారపత్రిక పెట్టారు. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక గొడుగు, ఒక స్టీలు టేపు, చెక్కిన పెన్సిలు, సమాచార హక్కు దరఖాస్తులకు తెల్లకాగితాలు ఉండేవి. పెన్ను వాడరేమని అడిగితే, "వాన తగిలితే పెన్ను అలుక్కుపోతుంది. పెన్సిలు మాట తప్పదు" అనేవారు. నేనేమో గుడివాడలో స్టీలు సామాను కొట్టు వాళ్ల పిల్లని. గిన్నె అంచు మీద గోటితో కొట్టి, చప్పుడు విని దళసరి చెప్పగలను. ఎదుటివాడి సరుకులో సొట్ట వెతికి ధర దించగలను. రిపోర్టరు పనికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ వానాకాలం మేడం కంటి ఆపరేషనుకి బెజవాడ వెళ్లారు. అప్పుడే చేనేత సంఘం నాయకుడొకాయన ఫోన్ చేశాడు. "పెడన దగ్గర ఫలానా వీధిలో ఇరవై మూడిళ్లకి మగ్గం పేరు చెప్పి ఏటా సర్కారు సాయం వస్తోంది పాపా. వెళ్లి చూసుకో, ఒక్క మగ్గం మోగితే ఒట్టు!" వెళ్లాను. నిజంగానే వీధిలో చప్పుడు లేదు. రెండిళ్లలోకి తొంగిచూస్తే మగ్గాల మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. అరుగు మీది పెద్దాయన ఒకరు లేచి ఏదో చెప్పబోయారు. వీధి చివర ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఆగినందుకు పైసా ఇవ్వనని బేరమాడింది నేనే మరి. "తర్వాత మాట్లాడతానండీ" అని పరుగెత్తాను. 'మోగని మగ్గాలు, ఆగని సాయం' అని శీర్షిక పెట్టి, దాన్ని నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయి, మేడంని అడక్కుండానే ప్రెస్సుకి పంపేశాను. అధికారులు నాకన్నా మురిసిపోయారు. విచారణ తేలేదాకా అని వీధి మొత్తానికీ సాయం ఆపేశారు.

మేడం నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చిన రోజే ఆ అరుగు మీది పెద్దాయన తడుస్తూ ఆఫీసుకొచ్చారు. పేరు నాంచారయ్య.

"ఏవమ్మా, మా మగ్గాలు మోగట్లేదని రాసింది నువ్వేనా?"

"కళ్లారా చూశానండీ."

"ఏం చూశావు? నేసేటప్పుడు మా కాళ్లుండేది మగ్గం కింద తవ్విన గుంటలో. వానాకాలం ఆ గుంటలో నీళ్లూరతాయి. మోకాలిలోతు నీళ్లల్లో కూర్చుని చీర నెయ్యమంటావా, చేపలు పట్టమంటావా?"

నాకు నవ్వొచ్చింది, మేడంకి రాలేదు. ఆయనకు కుర్చీ వేసి, నావైపు తిరిగి ఒక్క మాట అడిగారు. "ఎన్నిసార్లు వెళ్లావు?" ఒక్కసారేనని చెప్పాను. "సొట్ట కనపడగానే కొనేవాడు వెతకడం ఆపేస్తాడు పద్మా, వాడికి కావల్సింది అదే కాబట్టి. మనకి కావల్సింది దొరికినప్పుడే ఇంకోసారి వెళ్లాలి."

మూడుసార్లు తిప్పారు నన్ను. ఒకసారి వానలో, ఒకసారి గుంటలు ఎండాక, ఒకసారి అన్నాల వేళ. ఎండాక వీధంతా హోరెత్తిపోయింది. అన్నాల వేళ మళ్లీ చప్పుడు లేదు, ఆకలి వల్ల. నిశ్శబ్దానికి ఇన్ని కారణాలుంటాయని నేను ఏ కొట్లోనూ నేర్చుకోలేదు. మేడం ఆ నల్లకళ్లద్దాలతోనే గుంట గట్టున చతికిలబడి, టేపుతో నీటి చార ఎత్తు కొలిచారు. తర్వాత లోపలికి టార్చి వేసి, కాళ్లతో తొక్కే చెక్కలు చూపించారు. ఏళ్ల తరబడి పాదాలు ఆని అవి నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి. "చప్పుడు ఆగుతుంది. అరుగుదల ఎక్కడికీ పోదు. రాసుకో." ఇరవై మూడూ అరిగినవే.

ఆ తర్వాత, నాకు ఫోన్ చేసిన నాయకుడి సొంత ఊళ్లో మగ్గం సాయం అందుకుంటున్న వాళ్ల జాబితా కోసం దరఖాస్తు పెట్టారు. అక్కడికీ మూడుసార్లు వెళ్లాం. ఆ మగ్గాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. తొక్కుడు చెక్కల మీద రంపం గీతలు కూడా పోలేదు. తన ఊరి మీద చూపు పడకుండా నన్ను ఆ వీధికి తోలాడని అప్పుడు అర్థమైంది.

అసలు దొంగ దొరికాడు కదా, నా తప్పు సంగతి చిన్నగా కానిచ్చేద్దామని నా ఆశ.

"మూడో పేజీలో నాలుగు లైన్లు వేద్దాం మేడం."

"మొదటి పేజీ."

"పోనీ, అడుగున?"

"పైన. నువ్వు తప్పుకి ఎంత అక్షరం వాడావో అంతే."

"నా పేరు లేకుండా?"

"నీ పేరుతో. ఇంకా బేరం ఆడితే ఫొటో కూడా వేస్తాను."

నా జీవితంలో అడిగిన కొద్దీ ధర పెరిగిన బేరం అదొక్కటే.

కబురు తెలిసి ఆ నాయకుడు వచ్చాడు. "మీ తప్పు మీరే ఒప్పుకుంటే మీ పేపరుకి పరువేం మిగులుతుందండీ? రెండూ వదిలేయండి, లేదంటే కోర్టులో కలుద్దాం" అన్నాడు. మేడం పెన్సిలు చెక్కుకుంటూనే, "పరువు తప్పు రాసిన రోజే పోయిందండీ, ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటున్నాం. కోర్టుకి టేపు నేను తెస్తాను, చెక్కలు మీరు తీసుకురండి" అన్నారు. ఆ వారం నా తప్పు పైన, అతని జాబితా కింద, రెండూ మొదటి పేజీలోనే వచ్చాయి. అతను కోర్టుకి వెళ్లలేదు.

మేడం పోయి ఏడాది దాటింది. ఆ చేతిసంచి ఇప్పుడు నా కుర్చీకి వేలాడుతోంది. ఇందాకే దివిసీమ నుంచి ఒక రొయ్యల చెరువుల ఆసామి ఫోన్ చేశాడు, కాలువలోకి వదిలే ఉప్పునీళ్ల సంగతి రాయొద్దని. "ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుందాం మేడం" అన్నాడు. "మూడుసార్లు వచ్చానండీ మీ గట్టు మీదికి, మీరే లేరు. మీరు చెప్పేది చెప్పండి, అదీ రాస్తాను. వార్త మాత్రం ఆగదు" అన్నాను. ఆవిడ పెన్సిలు చేతిలో ఉంటే నాకు ఆవిడ గొంతు దానంతటదే వస్తుంది.

ఇక ఆ మధ్యాహ్నం తాలూకు బిల్లు. కొట్టు వాళ్ల పిల్లని కాబట్టి తగ్గించి చెప్పాలని నోరు లాగుతుంది, అయినా చెబుతాను. వీధికి సాయం మళ్లీ రావడానికి ఐదు నెలలు పట్టింది. ఇరవై మూడు మగ్గాల్లో ఇరవై ఒకటి తిరిగి మోగాయి. మిగిలిన రెండూ ఈలోగానే కట్టెల కింద అమ్ముడుపోయాయి. అందులో ఒకటి నాంచారయ్య గారిది. ఆయన ఇప్పుడు అద్దకం బట్టలు ఉతికే పనికి వెళ్తున్నారు. వానాకాలం వచ్చినప్పుడల్లా వెళ్లి కనపడతాను. క్షమించానని ఆయన ఇంతవరకూ అనలేదు. నేనూ అడగలేదు, అడిగితే అదీ బేరమే అవుతుంది.