గేటు కెమెరాలో ఇద్దరు

నా బిడ్డ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. మీరు నవ్వుకున్నా సరే, వినండి.

నేను జిన్నారం దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తాను. నా భార్య పద్మ పోయి ఏడాది దాటింది. మా బండి ఆమె పేరు మీదే ఉంది. మార్పించడానికి మనసొప్పలేదు.

పటాన్‌చెరు రోడ్డు మీద ఒక పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. ఆమె ఉన్నప్పుడు ప్రతి వారం వెళ్లేవాళ్లం. ఆ తరువాత నేను అటు పోలేదు. ఆ రాత్రి పాపకు జ్వరం. బ్రెడ్డు, గ్లూకోజు కావాలి. మిగతా దుకాణాలన్నీ కట్టేశారు. పాపను పక్కింటి వాళ్లకు అప్పగించి, వానలో అక్కడికే వెళ్లాను.

గేటు దగ్గర కాలు ఆనించి ఒక్క క్షణం ఆగాను. పద్మ అక్కడే దిగేది, నేను పోయి బండి పెట్టొచ్చేవాడిని. పాత అలవాటు... ఎక్కడికి పోతుంది? పైన కెమెరా టిక్కుమంది. గేటు పక్కనున్న తెర మీద అక్షరాలు వెలిగాయి. "పద్మ గారూ, స్వాగతం. చాలా రోజులకు వచ్చారు."

ఒళ్లు మండిపోయింది. బిల్లు దగ్గర ఫోన్ నెంబరు అడిగితే పాపం, ఆమె ఇచ్చింది. దానికి బండి నెంబరు ముడిపెట్టమని వీళ్లకు ఎవరు చెప్పారు? ఆమె ఎప్పుడొచ్చింది, ఎప్పుడు మానేసింది... అన్నీ కాపు కాసి చూశారు. చచ్చిపోయిందని మాత్రం తెలియదు.

సామాను తీసుకుని బయటికొస్తే, గేటు కాపలా ఖాజా భాయ్ బండికి అడ్డంగా నిలబడ్డాడు. మాకు పాత పరిచయమే.

"ఇంకొకరేరి అన్నా?"

"నేనొక్కన్నే వచ్చిన భాయ్. ఇంట్ల పాపకు జ్వరమున్నది, జెర జల్దీ ఇడువు."

"కెమెరా ఇద్దరని సూపిస్తుంది. ఇద్దరొచ్చి ఒక్కరే పోతుంటే ఆపుమన్నరు. రెండోవాళ్లు లోపల దాక్కొని దొంగతనం చేస్తున్నరంట."

"అంటే నేను దొంగనా?"

అతను వెనుక సీటు వైపు చూశాడు... గొంతు తగ్గించాడు.

"నేను గూడ చూసిన అన్నా... వదినె గీడనే దిగింది. వానకు కొంగు నెత్తి మీద కప్పుకున్నది."

వాన చప్పుడు... పైన ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది.

"వదినె పోయి ఏడాదైంది భాయ్."

ఈలోపు మేనేజర్ వచ్చాడు. దుకాణమంతా వెతికించాడు. ఎవరూ లేరు. ఆ వీడియో ఒక్కసారి చూపించమని అడిగాను. బతిమాలాను కూడా.

"కస్టమర్లకు చూపియ్యం సార్. ప్రైవసీ."

ఎవరి ప్రైవసీ? ఆమె నడిచొచ్చే వీడియో నా దగ్గర ఒక్కటి లేదు. వీళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయో. అడక్కుండా తీసుకున్నారు, అడిగితే ఇవ్వరు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

కెమెరా తప్పు లెక్కపెట్టిందా, ఖాజా భాయ్‌కి పాత రోజులు కళ్లలో మెదిలాయా... నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం గుంత వచ్చిన ప్రతిచోటా బండి ఆపినంత పని చేశాను. పద్మ ఎప్పుడూ ఒక పక్కకే కూర్చునేది... జారిపోతుందేమోనని.