మూడో మిషన్‌లో ఆగని చక్రం

మేమంతా ‘అక్కా’ అని పిలిచే మా టీమ్ లీడ్ పోయారని బుధవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఆమెకి చెప్పిన ఒక అబద్ధాన్ని నిజం చేసే పనిలో ఉన్నాను అప్పుడు. ఫోన్ పెట్టేశాక కూడా చెయ్యి కీబోర్డు మీంచి తీయలేకపోయాను.

సర్జాపుర రోడ్డులోని మా ఆఫీసులో ఆమె బల్ల మీద మూడు మిషన్లు ఉండేవి: విండోస్, మ్యాక్, లినక్స్. ఒకే ప్రోగ్రాం మూడింట్లోనూ నడవాలి. మేమంతా బటన్లు, రంగులు చూసుకుంటుంటే ఆమె మౌస్ బాణాన్ని చూసేవారు. అది ఎక్కడ చెయ్యి గుర్తు కావాలి, ఎప్పుడు ‘ఆగు’ అనే చక్రమై తిరగాలి, ఎప్పుడు మళ్లీ బాణం కావాలి, అదే ఆమె ధ్యాస. చాటుగా ‘ఎలుకల డాక్టరమ్మ’ అనేవాళ్లం. తెలిసి నవ్వేవారు.

నేను చేరిన కొత్తలో నన్ను ఆనేకల్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి తీసుకెళ్లారు. కంప్యూటర్ ముందు ఒకావిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. తెర మీద నేను పెట్టిన చక్రం తిరుగుతోంది. రిపోర్టు తీసే పని లోపల ఎప్పుడో ఫెయిలయి ఆగిపోయింది. ఫెయిలైతే బాణాన్ని తిరిగి తేవాలని నాకు తోచనే లేదు. బయట జనం నిలబడి ఉన్నారు.

“ఎంతసేపైందమ్మా?” అడిగారు అక్క.

“అర్ధగంటాయె మేడమ్. తిరగతా ఉండాది కదా, వస్తాది.”

బయటికొచ్చాక తిట్టలేదు. “నీ చక్రం అబద్ధం చెప్తా ఉండాదప్పా. ఆయమ్మ నమ్మింది చూడు. తిప్పినోడే ఆపల్ల.”

నాకు చేతనైన పనంతా ఆమె నేర్పిందే.

పోయిన నెల కొత్త వెర్షన్‌లో మళ్లీ అదే గతి. రెండు మిషన్లలో బాణం వచ్చేస్తోంది, లినక్స్‌లో రావడం లేదు. జబ్బు చేసి ఆస్పత్రిలో ఉన్న అక్క అక్కడి నుంచే ఫోన్ చేశారు. గొంతు పీలగా ఉంది.

“మూడో దాంట్లో బాణం వచ్చెనా అప్పా?”

“వచ్చేసిందక్కా. టెస్టింగ్ కూడా అయిపోయింది.”

“సరే అయితే. ఇంగ నాకు దిగుల్లేదు.”

ఆమె మనసు కుదుటపడాలనే అలా అన్నానని చెప్పుకుంటున్నాను. కాదు. నాకు చేతకావడం లేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. నాలుగు రోజుల్లో సరిచేస్తాననుకున్నాను, నేను అబద్ధమాడానని ఆమెకి ఎప్పటికీ తెలియదనుకున్నాను. ఆమె నమ్మి వెళ్లిపోయారు.

సోమవారం ఈ వెర్షన్ ఆనేకల్ ల్యాబ్‌కి వెళ్లాలి. ఆమె అయితే ఎక్కడ చూసేవారో అనుకుంటూ ప్రోగ్రాంలో ప్రతి లైనూ చదివాను. ఇంక వెతకడానికి చోటు లేదు. ఆమె కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మూడో తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.