ఆరుమణి కురువికి స్వాగతసభ

డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున్నే, సారం అనే మా పేటలో, మా వీధి చివరి పార్కుకు వెళ్తుంటాను. నాలుగు వేపచెట్లు, విరిగిన ఉయ్యాల, మూలన ఎవరూ ఊడ్వని ఎండుటాకులు. అంతే పార్కు. అక్టోబరు వానలు మొదలయ్యాక ఆ ఆకుల్లో ఒక కొత్త పిట్ట కనిపించింది. ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు, తోక ఉందా లేదా అన్నట్టుంది. ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటోంది. చలికాలానికి ఉత్తరాది నుంచి దిగే పిట్ట. పొద్దునా సాయంత్రం ఆరింటికి కూస్తుందని ఇక్కడి తమిళులు దీన్ని ఆరుమణి కురువి, అంటే ఆరుగంటల పిట్ట, అంటారు.

సంతోషం పట్టలేక వాకింగు సంఘం అధ్యక్షుడికి చూపించాను. ఆయన రిటైరైన అధికారి. దేనికైనా సభ పెట్టందే ఉండలేడు.

"ఏందప్పా, అంత దూరం నుంచి మన పార్కునే వెతుక్కోని వచ్చిందా! ఆదివారం ఎమ్మెల్యేని పిలస్తా. స్వాగతం చెప్పాల కదా."

"సభ వద్దన్నా, బెదురుతుంది."

"మర్యాద చేస్తే బెదిరేదెవురు?"

శనివారం మనుషుల్ని పెట్టి ఆకులన్నీ ఊడ్పించి, నేల మీద సున్నం చల్లించాడు. బ్యానరు మీద ఎమ్మెల్యే నిలువెత్తున, తాను నడుము దాకా, మూలన చిన్న పిట్ట. అదీ లకుముకి పిట్ట. ఆ మాటంటే, "రెండూ రంగులవే కదప్పా" అన్నాడు.

ఆదివారం పిట్ట లేదు. పెద్ద కెమెరాలతో కాలాపేట నుంచి వచ్చిన యూనివర్సిటీ పిల్లలు నేలంతా వెతికి, చివరికి ఎమ్మెల్యేనే ఫొటోలు తీశారు. పక్షుల్ని కన్నబిడ్డల్లా చూసుకోవాలని అధ్యక్షుడు తమిళంలో ఉపన్యసిస్తుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. మైకు ముందే ఎత్తాడు.

"ఏంది? పెరట్లో పిట్టా? పిల్లి కాచుకోని ఉండాదా? నాకీడ పని ఉండాది. చీపురుతో తరిమెయ్!"

తెలుగు రాని ఎమ్మెల్యే అదీ ఉపన్యాసమే అనుకుని చప్పట్లు కొట్టాడు.

నేను పక్కవీధిలోని ఆయన ఇంటికి పరుగెత్తాను. పెరట్లో ఆయన భార్య చీపురెత్తి నిలబడి ఉంది. జామచెట్టు కింద తడి ఆకుల్లో మన అతిథి!

"కొట్టొద్దక్కా! ముందు పిల్లిని పట్టుకో."

ఆమె పిల్లిని గదిలో వేసి గడియ పెట్టింది. ఇద్దరం బట్టలుతికే రాతి మీద కూర్చున్నాం. పిట్ట ఒక వానపామును లాగి మింగింది.

"దీనికేనా మీ మీటింగు?"

"దీనికే."

"మరి దీన్ని పిలవలేదా?" అంది అక్క. చీపురు పక్కన పెట్టి, "ఆయనకు చెప్పొద్దు. చెప్తే ఈడా మైకు కడతాడు" అంది.

నడుము నొప్పి పేరు చెప్పి ఆమె కొన్నాళ్లు పెరడు ఊడ్వలేదు. పిట్ట కడుపునిండా తిని, ఒక సాయంత్రం గట్టిగా కూసి, తెల్లారేసరికి దక్షిణానికి వెళ్లిపోయింది.