రొయ్యల నాగయ్య గారికి ఇచ్చిన రెండు ప్రాసెసర్లు

మొన్న బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. తడి అరిటాకు మీద వేడి అన్నం పడగానే లేచే వాసన ముక్కుకు తగిలి, మా కస్తూరి మేడం గుర్తొచ్చారు. ఇంతలో నన్ను చనువుగా అల్లుడని పిలిచే రేపల్లె రొయ్యల వ్యాపారి నాగయ్య గారు నా భుజం తట్టి, పక్కవాళ్ళకు పరిచయం చేశారు. "ఈ అల్లుడు లేకపోతే నా వ్యాపారం మునిగేదండి. ఆ మేడం ఒట్టి పిసినారి. రెండే ప్రాసెసర్లు ఇచ్చి కూర్చుంది. ఈయన ఎనిమిది ఇచ్చి బతికించాడు." ఏళ్ళ తరబడి ఈ మాటకు నవ్వి ఊరుకున్నాను. మేడం పోయి ఏడాదైంది. ఇక ఊరుకోకూడదు.

తెనాలిలో మాది చిన్న ఆఫీసు. ఒక పెద్ద సర్వరును లోపల వాటాలు వేసి, ఒక్కో వాటాను ఒక్కో విడి కంప్యూటరులా అద్దెకిచ్చేవాళ్ళం. బాపట్ల రైసుమిల్లుకొకటి, తెనాలి రక్తపరీక్షల ల్యాబుకొకటి, నాగయ్య గారి బిల్లులకొకటి, ఇంకొన్ని. సర్వరులో నిజంగా పనిచేసే ప్రాసెసర్లు, అంటే కోర్లు, ఎనిమిదే. కానీ ఏ వాటాకు ఎన్ని ప్రాసెసర్లున్నట్టు చూపాలో మన ఇష్టం. అందుకని అడిగినవాళ్ళందరికీ, పెళ్ళివారి నెయ్యి వడ్డించినట్టు, నాలుగేసి ఇచ్చేవాణ్ణి. ఆఫీసు నడిపే కస్తూరి మేడం మాత్రం, "శేషూ, ఎంత అడిగారో నాకొద్దు. వారం రోజులు ఎంత వాడారో చూసి చెప్పు" అనేవారు. నాగయ్య గారికి రెండే ఇమ్మన్నది ఆవిడే. అది నాకు పిసినారితనంగా తోచింది. తోచి ఊరుకోకుండా నాగయ్య గారి దగ్గర, "మా మేడం చెయ్యి కాస్త బిగువండి" అన్నాను కూడా.

ఒక రోజు ఆయన ఫోను. "ఏంటల్లుడూ, బిల్లు రావట్లేదు! లారీ కింద ఐసు కరిగి కాలవ కడుతోంది. సాయంత్రంలోగా కదలకపోతే నీ సర్వరుకో దండం, ఇంకోళ్ళని చూసుకుంటా."

మేడం సెలవులో, కొలకలూరులో మేనకోడలి పెళ్ళిలో ఉన్నారు. నేను రెండును నాలుగు చేశాను. ఇంకా మందగించింది. ఎనిమిది చేశాను. "అల్లుడూ, ఇందాక కుంటేది, ఇప్పుడు పడుకుంది" అన్నారు నాగయ్య గారు. బండి తీసి కొలకలూరు పరుగెత్తాను.

అక్కడ భోజనాల బంతి సాగుతోంది. తినేవాళ్ళ వెనక, కుర్చీ పట్టుకుని తర్వాతివాళ్ళు నిలబడ్డారు. నా గోడు విని మేడం ఒక మూలకు వేలు చూపించారు. భారీ శరీరం గల పెద్దమనిషి ఒకాయన, కుటుంబాన్ని వెంటేసుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఆయన ఇంకా ఎందుకు తినలేదో కనుక్కురా."

అడిగొచ్చాను. "ఎనిమిది కుర్చీలూ పక్కపక్కనే ఖాళీ అవ్వాలటండి."

"ఒంటిగా వచ్చినోళ్ళో?"

"తిని చేతులు కడుక్కుంటున్నారండి."

"మరి నాగయ్య గారిని నువ్వు నిలబెట్టిందెక్కడ? ఎనిమిది కోర్లూ ఒకేసారి ఖాళీ అయితేగాని ఆయన బిల్లు కదలదు. మిగతావాళ్ళు ఆకలి లేకపోయినా నాలుగేసి పట్టుకుని కూర్చున్నారు. నాగయ్య గారికి రెండు, మిగతావాళ్ళకి ఒక్కోటి. పో!" అని, పోబోతున్నవాణ్ణి ఆపి చేతిలో రెండు గారెలు పెట్టారు. "ఇవీ రెండే. ఎనిమిది తింటే నువ్వూ పడుకుంటావు."

ఆఫీసుకొచ్చి తగ్గించాను. బిల్లులు బిలబిలమంటూ వచ్చాయి, లారీ కదిలింది. "ఎన్నిచ్చావల్లుడూ?" అని నాగయ్య గారు సంబరంగా అడిగితే, రెండని చెప్పడానికి నోరు రాలేదు. "ఎనిమిదండి" అన్నాను.

మర్నాడు ఈ సంగతి చెబితే మేడం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "సరుకు చేరిందిగా! పిసినారి పేరు నా మీదే ఉండనీ. నువ్వు మాత్రం ఆ ఎనిమిదిని ఎప్పుడూ నిజం చెయ్యకు." ఆ పేరు రేపల్లె అంతా పాకినా, ఒక్కసారీ నన్ను బయటపెట్టలేదు.

బాపట్ల పెళ్ళిలో నాగయ్య గారికి, కొలకలూరు కుర్చీల సంగతితో సహా, అంతా చెప్పేశాను. "ఆరోజు ఇచ్చింది రెండేనండి. పిసినారి అన్న మాట పుట్టించిందీ నేనే."

ఆయన వెనక్కి తిరిగారు. ఆయన కుటుంబమంతా ఒకే వరసలో కుర్చీలు ఖాళీ కావాలని నిలబడి ఉంది.

"ఇద్దరిద్దరుగా దొరికిన చోట కూర్చోండ్రా! మేడం గారు చెప్పారు."

అడిగినన్ని ప్రాసెసర్లు ఎవరికీ ఇవ్వనివ్వనని, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఈమధ్య నన్ను పిసినారి అంటున్నారట. ఆ పేరు ఇన్నాళ్ళకు రావలసిన చోటికి వచ్చింది.