గుంట తవ్వుకోనిచ్చే అద్దె ఇల్లు

నాకు ఉద్యోగం వచ్చింది! మిగతా సంగతులన్నీ తర్వాత. ముందు ఈ మాట చెప్పకుండా నా వల్ల కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంటుని. ఒకటో తారీఖున చేరాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నాన్న ఐదో తరగతి, అమ్మ సంతకం వరకు. మెయిల్ వచ్చిన రోజు నాన్న నా ఫోన్ తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా, కిందిదాకా జరిపి చూసి, మళ్ళీ పైకి జరిపి చూశాడు.

ఇక ప్రయాణం సంగతి. పెడనలో మేము అద్దెకుంటున్న ఇల్లు పడగొట్టి డాబా వేస్తానని ఓనరు చెప్పాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఎలాగూ కదలాలి కాబట్టి ముగ్గురం విజయవాడే వెళ్ళిపోదామన్నాను. అమ్మ వెంటనే ఒప్పుకుంది. నాన్న ఒక్క షరతు పెట్టాడు: మగ్గం కూడా రావాలి.

మాది గుంట మగ్గం. నేలలో నడుం లోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి తొక్కుతూ నెయ్యాలి. అంటే మాకు కావాల్సిన ఇల్లు కింది అంతస్తులో ఉండాలి, మట్టి నేల ఉండాలి, ఆ నేలని తవ్వుకోనిచ్చే ఓనరు ఉండాలి. విజయవాడలో ఇల్లు వెతుక్కునేవాళ్ళు నీళ్ళొస్తాయా, స్కూలు దగ్గరా అని చూస్తారు. అమ్మని ఇంట్లో ఉంచి నేనూ నాన్నా నేల చూడ్డానికి బయల్దేరాం.

ఆదివారం పొద్దున్న ఏడు దాటాక పెడన స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కాం. గుడివాడ మీదుగా వెళ్తుంది. బస్సుకన్నా చాలా చవక, కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా కూరగాయల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. నేను ఆగలేక ఆవిడకీ ఉద్యోగం సంగతి, మగ్గం సంగతి చెప్పేశాను.

"ఉద్యోగమా! మా తల్లే!" అని నా బుగ్గ నిమిరి, నాన్న వైపు తిరిగింది. "ఇంకేం బాబూ, నీ కాళ్ళకి విశ్రాంతి దొరికింది."

నాన్న నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు.

తొమ్మిదిన్నరకి విజయవాడలో దిగి వన్‌టౌన్ వైపు నడిచాం. మీరు వెళ్ళేటట్టయితే ఆదివారమే వెళ్ళండి. మిగతా రోజుల్లో గోడౌన్ల ముందు లోడు దించే బళ్ళ మధ్య మనిషి నడవడం కష్టమట. అప్పటికీ తోపుడుబళ్ళు అడ్డం పడుతూనే ఉన్నాయి. ఒక సందు మొదట్లో ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, కూర్చునే చోటు లేదు.

నాన్న నేసిన చీరలు వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకి వస్తాయి. ఆ కొట్టులో గుమాస్తా సుబ్బారావు గారు మాకోసం ఒక ఇల్లు చూసి ఉంచారు. కొండ వాలులో, మెట్లెక్కి వెళ్ళాలి. ఆయనే వెంట వచ్చి చూపించారు. ముందు రెండు గదులు గచ్చు, వెనక గది మట్టి నేల. ఓనరు ఒక ముసలావిడ, మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"తవ్వుకోండి నాయనా. నాదేం పోయింది? ఖాళీ చేసేటప్పుడు పూడ్చి పొండి, అంతే."

నా గుండె ఎగిరి గంతేసింది. నాన్న మాత్రం వెనక గదిలోకి వెళ్ళి గొంతుక్కూర్చుని, అరచేత్తో నేలని తడిమాడు. తర్వాత పక్కింట్లో గునపం అడిగి తెచ్చి ఒక మూల దించాడు. రెండు పోట్లకి మట్టి లేచింది. మూడో పోటుకి ఠంగుమంది. ఇంకో మూల చూశాడు, అక్కడా అంతే. మధ్యలోనూ అంతే. జానెడు మట్టి కింద అంతా రాయి.

"ఇది కొండ కాదటయ్యా!" అని ముసలావిడ గుమ్మంలోంచి నవ్వింది. "కొండని తవ్వుతారా ఎవరన్నా?"

సుబ్బారావు గారు మొహం చిన్నబుచ్చుకున్నారు. "పైన పెట్టుకునే స్టాండు మగ్గాలున్నాయిగదండీ వెంకటేశ్వర్లు గారూ. ఈ రోజుల్లో అందరూ అవే."

"చూశానండీ. దానికి ఈ కప్పు ఎత్తు చాలదు. నాకా అలవాటూ లేదు. గుంటలో చల్లదనానికి నూలు తెగకుండా ఉంటది."

"పోనీలెండి, అమ్మాయి చేతికొచ్చింది. ఇంకెన్నాళ్ళు తొక్కుతారు మీరు మాత్రం."

నాన్న గునపం కడిగి పక్కింట్లో ఇచ్చొచ్చాడు. మెట్లు దిగుతుంటే నది ఎండలో మెరుస్తూ కనిపించింది. ఫోటో తీశాను గానీ అందులో కరెంటు తీగలే పడ్డాయి.

సిటీ బస్సెక్కి పటమట చేరేసరికి పన్నెండు కావస్తోంది. వన్‌టౌన్ నుంచి వచ్చినవాళ్ళకి పటమట వేరే ఊరిలా ఉంటుంది. అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, కూరల షాపులో ఏసీ. నా ఆఫీసు ఇక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మేము చూడాల్సిన ఇల్లు ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. నా కోసం ఫోన్లో వెతికి నేనే పెట్టుకున్నాను, ఊరికే చూద్దామని.

ఓనరు రాజ్యలక్ష్మి గారు రిటైరైన టీచరు. తలుపు తియ్యగానే మంచినీళ్ళిచ్చారు. హాలు, ఒక బెడ్‌రూమ్, వంటింట్లో పెద్ద కిటికీ. ఆ కిటికీలోంచి గాలి తోస్తుంటే అమ్మ మా ఇంటి పొయ్యి దగ్గర కొంగుతో విసురుకోవడం గుర్తొచ్చింది. నాకు ఇల్లు నచ్చేసింది. నచ్చినందుకు భయం కూడా వేసింది.

"మీరేం చేస్తుంటారండీ?" అని ఆవిడ నాన్నని అడిగారు.

"నేతండీ. మగ్గం ఉంది."

"మగ్గం వర్కా! బ్లౌజుల మీదా?"

"కాదండీ, చీరలు నేస్తాం."

"ఓ, నిజం మగ్గమా! అది చప్పుడు చేస్తదేమోనండీ. కింద పోర్షన్లో చంటిపిల్లాడున్నాడు." ఆవిడ ఇబ్బందిగా నవ్వి, వెంటనే సర్దుకున్నారు. "అయినా ఇంకా మీకెందుకండీ ఆ కష్టం? బంగారంలాంటి పిల్ల. ఉద్యోగం చేస్తోంది. హాయిగా రెస్టు తీసుకోండి."

ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. ట్రైన్లో పెద్దావిడా, సుబ్బారావు గారూ కూడా అలాగే అన్నారు. నేను సంతోషంగా చెప్పిన ప్రతిచోటా నాన్నకి ఒకే జవాబు దొరుకుతోంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

నేను వంటిల్లు ఇంకోసారి చూసి కిందికి దిగేసరికి నాన్న సెల్లార్‌లో ఉన్నాడు. బైకుల మధ్య వంగి, స్తంభాల పక్కన నేల ఎక్కడైనా మట్టిగా ఉందేమోనని చూస్తున్నాడు. అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి ఆయన్ని ఆపాడు.

"వాచ్‌మన్ పనికేనా? ఎవరు పంపారు?"

నాన్న నిటారుగా నిలబడ్డాడు. "ఉద్యోగం మా అమ్మాయికి వచ్చిందండీ, నాక్కాదు. ఇల్లు చూసుకోడానికొచ్చాం."

"అయ్యో, సారీ అండీ. ఏం అనుకోకండి. పాత వాచ్‌మన్ మానేశాడు, అందుకని..." ఆయన చెప్పులు చూసుకుంటూ లిఫ్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మెస్సులో భోజనానికి కూర్చున్నాక నాన్నే ఆ మాట ఎత్తాడు. "చూశావా, మీ కంపెనీవాళ్ళు మూడు రౌండ్లు ఇంటర్వ్యూ చేశారు. నాకు వంగి చూడగానే ఉద్యోగం." గట్టిగా నవ్వాడు. పప్పు, దోసకాయ పచ్చడి, పెరుగు బాగున్నాయి. నేను రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

రెండు గంటలకి బెంజి సర్కిల్ దగ్గర బందరు బస్సెక్కాం. చివరి ఆశ ఉయ్యూరు. అక్కడ ఇల్లు దొరికితే రోజూ బస్సులో ఆటోనగర్ వెళ్ళిరావచ్చు. పక్క సీట్లో ఒక ఆస్పత్రి ఆయా కూర్చుంది, ఉయ్యూరు నుంచి రోజూ వెళ్ళొస్తుందట.

"పొద్దున సీటు దొరకదమ్మా, నిలబడాల్సిందే. అలవాటైపోద్ది. నువ్వేం పని చేస్తావు?"

"ఇంకా చేరలేదండీ," అన్నాను. అంతకు మించి చెప్పలేదు. నాన్న నా వైపు ఒకసారి చూశాడు.

ఉయ్యూరులో దిగి చెరుకు తోటల వైపు ఆటోలో వెళ్ళాం. ఒక రైతు తన ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని పక్కన రెండు గదులు అద్దెకిస్తానన్నాడు. పంచె ఎగగట్టుకుని ఎదురొచ్చాడు. పేరు కోటేశ్వరరావు గారు.

ఆ చోటు చూడగానే నాన్న నడక మారిపోయింది. షెడ్డులో నల్ల మట్టి నేల. ఉత్తరం వైపు వెలుతురు. ముందున్న డొంక దారి తిన్నగా, బళ్ళు లేకుండా ఉంది. నాన్న ఆ చివరిదాకా నడిచి వెనక్కొచ్చాడు. నెయ్యబోయే నిలువు దారాలని మేము పడుగు అంటాం. దాన్ని తెల్లవారుజామున వీధి పొడుగునా సాచి గంజి పట్టించాలి. దానికి ఇలాంటి దారి కావాలి.

"ఇక్కడ పడుగు సాచొచ్చమ్మాయ్," అన్నాడు. పొద్దుట్నుంచీ ఆ గొంతులో ఆ హుషారు వినలేదు. మగ్గం ఎటు తిప్పి పెట్టాలో, అమ్మ నూలు కండెలు చుట్టుకోడానికి రాట్నం ఎక్కడ వెయ్యాలో చేత్తో గాలిలో గీసి చూపించాడు. నేను కూడా బస్సులో నిలబడి వెళ్ళడం గురించి అప్పుడే మనసులో సర్దుకుంటున్నాను.

గడ్డపార కోటేశ్వరరావు గారే ఇచ్చారు. మట్టి వెన్నలా దిగింది. మోకాలి లోతు తవ్వాక నాన్న ఆగాడు. గుంట అడుగున మట్టి రంగు మారింది. ఇంకో రెండు తట్టలు తీసేసరికి పక్కల నుంచి నీళ్ళు ఊరి, మెల్లగా చేరి, పైన రేకులు కనిపించేంత అయ్యాయి.

"పక్కనే కాలవండీ," అన్నారు కోటేశ్వరరావు గారు. "కాలవ కట్టేసినప్పుడు ఆరిపోద్ది."

"ఎన్నాళ్ళు కడతారండీ?"

"ఎండాకాలం కడతారు. మిగతా అంతా పారేదే గదా."

"మా దగ్గరా వానలకి నీళ్ళొస్తాయి, తోడుకుంటాం. ఏడాది పొడుగునా తోడుతూ నెయ్యలేం గదండీ."

"ఇంకోళ్ళైతే మోటారు పెట్టుకోమనేవాణ్ణి. చూస్తూ చూస్తూ మీకు అబద్ధం చెప్పలేను." ఆయన నాన్న చేతిలోంచి గడ్డపార తీసుకుని తనే గుంట పూడ్చడం మొదలుపెట్టారు. నాన్న వద్దని, తనే పూడ్చి, పైన కాలితో తొక్కి చదును చేశాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాం.

అయిదు దాటాక మళ్ళీ బందరు బస్సు. సీట్లు దొరికాయి. పామర్రు దాటాం. రోడ్డుకి రెండు పక్కలా చేలు చీకట్లో కలిసిపోతున్నాయి.

"పటమటది తీసుకో," అన్నాడు నాన్న.

"మరి గుంట?"

"రెండో అంతస్తులో గుంటేంటే పిచ్చిదానా."

"పెడనలోనే ఇంకో ఇల్లు చూసుకుందాం నాన్నా. నేను హాస్టల్లో ఉంటా."

"రెండు చోట్ల అద్దె కట్టి, నువ్వక్కడ మెస్సు కూడు తిని, మీ అమ్మ ఇక్కడ నీ కోసం ఏడ్చి... వద్దులే. మీ అమ్మకి ఆ వంటిల్లు నచ్చుద్ది. నేను చూశాగా, నువ్వక్కడే నిలబడిపోయావు."

"నువ్వేం చేస్తావు అక్కడ?"

"అంత ఊళ్ళో పని ఉండదా? సెల్లార్‌లో అడిగాడుగా ఆయన."

"నాన్నా!"

"ఊరికే అన్నాలేవే." టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మగ్గం మీద ఇంకా సగం పడుగుంది. నెలాఖరు లోపల నేసేస్తా. మధ్యలో కొయ్యకూడదు. అది అయ్యాక విప్పేద్దాం."

అదీ మా ప్రయాణం. మీరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళైతే నాకు తెలిసింది చెప్తాను. మనుషుల సాయం కావాలంటే వన్‌టౌన్. ఆఫీసుకి దగ్గర, గాలి, వెలుతురు కావాలంటే పటమట. ఉయ్యూరు బాగుంటుంది, రోజూ నిలబడి ప్రయాణం చెయ్యగలిగితే. అన్ని చోట్లా మమ్మల్ని మర్యాదగానే చూశారు, మజ్జిగ ఇచ్చారు, నన్ను దీవించారు. నాకు మాత్రం విజయవాడ అంటే ఇకమీదట ఆ మూడు నేలలే గుర్తొస్తాయి.

బందరు బస్టాండులో పెడన బస్సు కోసం కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

రాజ్యలక్ష్మి గారు. ఇల్లు తీసుకుంటున్నామని, చప్పుడేమీ ఉండదని.

సుబ్బారావు గారు. ఇంక వెతకొద్దని.

కాలేజీలో మా కామర్స్ మేడం. ఉద్యోగం సంగతి ఆవిడకి ఇంకా తెలీదు. అరుస్తారు ఫోన్లో.

హారిక. నాతోపాటు అదే కంపెనీకి ఇంటర్వ్యూకి వచ్చింది. దానికి రాలేదు. ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలి.

వడ్రంగి. మగ్గం విప్పడానికి ఎప్పుడు కుదురుతుందో.

వేటపాలెంలో మేనత్త. ముందు ఉద్యోగం సంగతి. ఆవిడ సంతోషంతో ఏడ్చి, వీధంతా చెప్పి వచ్చాక, అక్కడ ఎవరికైనా మగ్గం కావాలేమో అడగాలి.

అమ్మ. ఇప్పటికి రెండుసార్లు తనే చేసింది. మళ్ళీ మోగుతోంది. నాన్న తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేను తిరిగి ఆయన చేతిలో పెట్టాను.